జ్వరము లేని రోగి

చరకసంహిత విమానస్థానమందలి మూడవ అధ్యాయము ఒక సంభాషణతో ఆరంభమగుచున్నది. గ్రీష్మము ముగియవచ్చిన దినములవి. పాంచాలదేశమున కాంపిల్యనగరమునకు సమీపమున, గంగాతీరవనమందు శిష్యులతో సంచరించుచున్న ఆత్రేయ పునర్వసువు, రానున్న ఉపద్రవమును ముందుగా గుర్తించి, నేల సారహీనము కాకమునుపే ఓషధులను సేకరించి యుంచవలసినదని అగ్నివేశునితో చెప్పెను. శిష్యుడు వెంటనే తలయూపి ఊరకుండలేదు, ప్రశ్నించెను. మనుష్యుల శరీరప్రకృతులు వేరు, ఆహారము వేరు, బలము వేరు, వయస్సు వేరు, మనస్సు వేరు. ఇట్లు అన్ని విధముల భిన్నులైనవారు ఒకే కాలమున, ఒకే వ్యాధిచేత, గ్రామములకు గ్రామములుగా ఎట్లు నశింతురు? గురువు చెప్పిన సమాధానము సరళమైనది. దేహములు వేరైనను గాలి, నీరు, నేల, కాలము అను నాలుగును అందరికి ఉమ్మడి. అవి చెడినప్పుడు మనుష్యులలోని భేదములు వ్యాధిని అడ్డగింపజాలవు. చెడిన నేలకు ఆ గ్రంథము చెప్పిన గుర్తులలో దోమలు పెచ్చుపెరుగుట కూడ ఒకటి యగుట గమనింపదగినది.

ఇట్టివి చూచి నేటి వైద్యవిజ్ఞానమంతయు మన ప్రాచీనగ్రంథములలోనే కలదని సంతోషించువారు కొందరు కలరు. అది సరికాదు. దోమ ఏమి చేయునో ఆత్రేయుడెరుగడు. అయినను అగ్నివేశుని ప్రశ్నలో నేటికిని తీరని భాగమొకటి మిగిలియున్నది. వ్యాధి ఉమ్మడిదైనప్పుడు చికిత్సయు ఉమ్మడిదే కావలెను. కాని మందును మ్రింగునది గ్రామము కాదు. ఒక్కొక్క మనుష్యుడు తన నోటితో తన దేహములోనికి మ్రింగవలెను. తనకు ఏ బాధయు లేనప్పుడు, పొరుగింటి బిడ్డ కొరకు ఒకడు చేదుమందు మ్రింగవలెనా? మ్రింగుమని యడుగు అధికారము ఎవరికి కలదు? ఏమని చెప్పి యడుగవలెను?

ఇది గ్రంథాలయమున పుట్టిన ప్రశ్న కాదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణాగ్రమున, 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దునకు చేరువగా మరైగూడ యను గ్రామము కలదు. పూర్వము ఇది బస్తరు సంస్థానపు నేల. అడవి, కొండవాగులు, వానకాలమున తెగిపోవు దారులు ఆ ప్రాంతపు లక్షణములు. ఇండ్లలో వినబడునది దోర్లల మాట, కోయమాట, సంతలో తెలుగు, కాగితములపై హిందీ. జబ్బు ముదిరినచో ఈ సరిహద్దు గ్రామములవారు భద్రాచలమునకు వచ్చుచుందురు. మిరపకోతల కాలమున కుటుంబములకు కుటుంబములే మూటముల్లెలతో గోదావరీప్రాంతపు చేలకు కూలికి దిగివచ్చి, చేలగట్లపై గుడిసెలు వేసికొని, కొన్ని వారములుండి మరలిపోవుదురు. రాష్ట్రముల సరిహద్దు మనుష్యులకే యింత పలుచనైనప్పుడు, మనుష్యుల రక్తములో ప్రయాణము చేయు సూక్ష్మజీవికి అది ఉన్నదో లేదో!

బస్తరు విభాగపు ఏడు జిల్లాలలో 2020 జనవరి మాసమున మలేరియా నిర్మూలనకై యొక నూతన ప్రయత్నము మొదలయ్యెను. అంతకుముందు జ్వరము వచ్చినవాడు వైద్యుని యొద్దకు పోయెడివాడు, లేదా ఆరోగ్యకార్యకర్త జ్వరము వచ్చినవానిని వెదకెడివాడు. ఈసారి అట్లు కాదు. జ్వరమున్నను లేకున్నను, ఇంటింటికి పోయి, పసివాడు మొదలు ముదుసలి వరకు ప్రతివాని వ్రేలినుండి ఒక రక్తపుబొట్టు తీసి పరీక్షించిరి. అడవులలోని భద్రతాశిబిరముల జవానులను గూడ విడువలేదు. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షింపగా 64 వేలకు పైగా జనుల రక్తమున మలేరియా పరాన్నజీవి కనబడెను. వారిలో సగముకంటె ఎక్కువమందికి జ్వరము లేదు, చలి లేదు, తలనొప్పియైనను లేదు. వారు పొలమున పనిచేయుచునో, ఇప్పపువ్వు ఏరుచునో, నీళ్లు మోయుచునో యుండిరి. రోగులమని వారెరుగరు.

ఇది యెట్లు సంభవించును? మలేరియా తరచుగా సోకు ప్రాంతములలో బాల్యము గడచి బ్రతికినవారి శరీరము ఆ జీవితో ఒక విధమైన సంధి చేసికొనును. పరాన్నజీవి పూర్తిగా పోదు, జ్వరమును రానీయదు. ఈ సంధికి శరీరము చెల్లించు కప్పము మాత్రము కలదు: రక్తకణములు కొంచెము కొంచెముగ నశించుటచేత నిస్త్రాణ, పాండురోగము కలుగును. అది అలవాటైపోయి జబ్బుగా తోచదు. ఆ సంధి ఇంకను కుదరనివారు శిశువులు. కుదిరిన సంధి గర్భకాలమున సడలిపోవువారు స్త్రీలు. మరణము ముఖ్యముగా వెదకునది వీరినే.

జ్వరము లేని ఆ గృహస్థుని రక్తములో పరాన్నజీవి యొక్క మరియొక రూపము కూడ తయారగుచుండును. దీనిని శాస్త్రజ్ఞులు గామిటోసైట్ అందురు. ఇది అతనికి ఏ హానియు చేయదు. దోమ వచ్చి కుట్టినప్పుడు దాని కడుపులో ప్రవేశించి, అక్కడ వృద్ధిపొంది, సుమారు రెండువారములకు మరియొకరి దేహమున దిగుటకే అది పుట్టినది. ఫాల్సిపరం అను ప్రాణాంతకమైన మలేరియాకు ఇప్పుడిచ్చు ప్రధానౌషధము ఆర్టెమిసినిన్ కలిసిన మందులు. మూడు దినములు వాడవలెను. ఇవి రోగిని రక్షించును. కాని పరిపక్వమైన గామిటోసైట్లను ఇవి పూర్తిగా చంపజాలవు. అందుచేత రెండవ దినమున ప్రైమాక్విన్ అను మరియొక మందు ఒక్కసారి యిత్తురు. ఈ ప్రైమాక్విన్ వలన ఫాల్సిపరం రోగికి కలుగు లాభమేమి? ఏమియు లేదు. అతడు మొదటి మందుతోనే కోలుకొనును. ఇది అతని దేహములోనికి పోవుచున్నను అతని మందు కాదు. అతని చుట్టునున్నవారి మందు. వైద్యశాస్త్రమంతటిలో ఇట్టి ఔషధములు చాల అరుదు.

పైగా అది పూర్తిగా నిరపాయమని చెప్పుటకు వీలులేదు. జి-6-పి-డి అను ఒక ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువగా నుండును. మలేరియా ప్రబలిన ప్రాంతముల జనులలో ఈ లోపము హెచ్చుగా కనబడును. అట్టివారు ప్రైమాక్విన్ మ్రింగినచో రక్తకణములు పగిలి, మూత్రము నల్లబడి, నీరసించిపోవు ప్రమాదము కలదు. గర్భిణులకు, చంటిబిడ్డలకు ఈ మందు ఈయరు. 2012లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, కిలోబరువునకు 0.25 మిల్లీగ్రాముల స్వల్పమోతాదు చాలునని, దీనికి ముందుగా ఎంజైము పరీక్ష అక్కరలేదని సూచించెను. 2013 నాటి భారతదేశపు మార్గదర్శకములలో పెద్దవారికి చెప్పిన మోతాదు 45 మిల్లీగ్రాములు. అనగా దానికి సుమారు మూడు రెట్లు. నిపుణులలోనే ఇంత తేడా యున్నదనిన, పరుల కొరకు ఒకనిని ఎంత భరింపుమనవచ్చును అను ప్రశ్న ప్రయోగశాలలోనే తేలునది కాదని స్పష్టమగుచున్నది.

ఇప్పుడు మరైగూడవంటి యొక పల్లెలో, వాకిట చింతచెట్టు క్రింద కూర్చుండిన యొక గృహస్థుని ఊహింతము. యాబదియేండ్లవాడు. పరీక్షపట్టీపై రెండవ గీత కనబడినది. ఎదుట నిలిచినది ఆ ఊరి మితానిన్. ఛత్తీస్‌గఢీ సంప్రదాయమున రెండు కుటుంబముల మధ్య తరతరములు నిలుచునట్లు ప్రమాణపూర్వకముగ కుదుర్చుకొను చెలిమి యొకటి కలదు. ఆ చెలికి మితానిన్ అని పేరు. 2002లో ఆ రాష్ట్రము గ్రామారోగ్యమునకై ఊరూర ఒక స్త్రీని ఎంచుకొనినప్పుడు ఆ పేరునే యామెకు పెట్టెను. 2005 తరువాత దేశమంతట వచ్చిన ఆశా కార్యకర్తలకు ఆమె యొక విధముగ అక్క.

"నాకు జరం లేదు గద బిడ్డా, మందెందుకు?" అని అతడడుగును.

ఆమె యెదుట రెండు సమాధానములు కలవు. మొదటిది: "నీ మంచికే చిన్నాయనా, వేసుకో." రెండవది నిజము.

మొదటి సమాధానమును తేలికగా నిందింపరాదు. దానిని చెప్పువారు దుష్టులు కారు. దినమునకు నలుబది యిండ్లు తిరిగి, వాగు దాటి, చీకటిపడక మునుపు శిబిరము చేరవలసినవారు. పరాన్నజీవి యొక్క జీవితచక్రమును వాకిట నిలిచి వివరించు తీరిక వారికెక్కడిది? మొదటి మూడు దినముల మందు విషయమున ఆ మాట అబద్ధమును కాదు. రక్తక్షయము తగ్గును గదా. రెండవ దినపు ప్రైమాక్విన్ దగ్గర మాత్రము అది అబద్ధమగును. స్వల్పమైన అబద్ధమే, ఒక పసిప్రాణమును కాపాడు అబద్ధమే. అయినను దానివలన ఆ గృహస్థునికి జరుగు నష్టము లెక్కకు రాకపోరాదు. అతడు చేయగలిగిన యొక దానము అతనికి తెలియకుండ అతని చేతినుండి జారిపోయినది. తెలిసి యిచ్చినచో అతడు దాత. తెలియక మ్రింగినచో అతడు దోమకును బిడ్డకును నడుమ నున్న యొక పాత్ర. ఆ పాత్రను ఎవరో కడిగిరి.

ఈ తేడా మాటల తేడా కాదని చూపుటకు తెలుగునేలపైననే ఒక ఉదాహరణ కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు బేగంపేటలో సైనికవైద్యుడైన రొనాల్డ్ రాస్, దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొనెను. 1902లో నోబెల్ బహుమానమును పొందెను. ఆ దోమలు త్రాగిన రక్తము ఎవరిది? హుసేన్‌ఖాన్ అను మలేరియా రోగిది. నాలుగు దినములకు ముందు రాస్ దోమలను అతనిపై విడిచి కుట్టించెను. ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున, పది దోమలకు పది అణాలు హుసేన్‌ఖాన్‌కు ముట్టినవి. రాస్ క్రూరుడు కాడు. అడిగినది ఊరకయు పుచ్చుకొనలేదు. కోట్లకొలది ప్రాణములకు ఉపకరించిన ఆ జ్ఞానమునకు వెల పది అణాలు. ఒకవైపు బహుమానము, కీర్తి, భవనమునకు పేరు, మరియొకవైపు చిల్లరడబ్బులు. వైద్యచరిత్రలలో హుసేన్‌ఖాన్ పేరు ఆ మాత్రము నిలిచియుండుటయే విశేషమనవలెను. అట్టివారి పేర్లు సాధారణముగా నిలువవు. ఆ రక్తము దేనికో అతనికెవరైన చెప్పియుండిన, ఆ పది అణాలును అతని సంచిలో మరియొక విధముగ మ్రోగియుండెడివి.

ఆంగ్లేయ తత్త్వవేత్తయైన జాన్ స్టూవర్ట్ మిల్, స్వాతంత్ర్యమును గూర్చి 1859లో ప్రకటించిన గ్రంథమున, ఒకని ఇష్టమునకు వ్యతిరేకముగా అతనిపై బలమును ప్రయోగించుటకు ఒకే న్యాయమైన కారణము కలదని వాదించెను: ఇతరులకు హాని కలుగకుండ చేయుట. అతని మేలు కొరకు అతనిని నిర్బంధింపరాదు. ఆధునికులు ఈ సూత్రమును జ్వరము లేని రోగిపై ప్రయోగించి, ఇతనివలన ఇతరులకు హాని కలదు గనుక నిర్బంధము తగునని త్వరపడి నిర్ణయింపవచ్చును. కాని హాని చేయుట అనగా నేమి? ఈ గృహస్థుడు ఏమియు చేయలేదు. నిదురించుచుండగా దోమ వచ్చి కుట్టినది; మరియొక రాత్రి మరియొక దోమ వచ్చి త్రాగినది. కర్త యెక్కడ? కర్మమెక్కడ? అతనియందు దోషమేమియు లేదు. పూర్వజన్మపాపమనియో, అశుచియనియో చెప్పి రోగిపై దోషమునారోపించు అలవాటు మన సమాజమున చిరకాలముగ కలదు. అది ధర్మముపేర జరిగిన అధర్మము.

దోషము లేకున్నను బాధ్యత యుండవచ్చును గదా. వరదలో కొట్టుకొనిపోవు బిడ్డను చూచినవాడు వరదను తెచ్చినవాడు కాడు. అయినను గట్టున అతడొక్కడే యున్నాడు. పరాన్నజీవి అతని రక్తములో నుండుట అతని తప్పు కాదు, కాని దానిని అక్కడ తుదముట్టింపగలవాడు అతడొక్కడే. తప్పుచేసినవానిని శిక్షింపవచ్చును, నిర్బంధింపవచ్చును. తప్పుచేయనివానిని అడుగవలెను. ఇక్కడ నిర్బంధమునకు చోటు లేకపోవుటకు కారణమిదియే గాని స్వేచ్ఛనుగూర్చిన వెర్రిమోజు కాదు. బస్తరు దక్షిణభాగమున బలప్రయోగమన నేమో జనులకు వేరుగ చెప్పనక్కరలేదు. 2005 తరువాతి సంవత్సరములలో ఇరువైపుల తుపాకుల నడుమ నిలువలేక అనేకకుటుంబములు సరిహద్దు దాటి గోదావరీప్రాంతపు అడవులలో తలదాచుకొనినవి. అట్టిచోట బూటుకాళ్ల చప్పుడుతో వచ్చిన మందుబిళ్ళ, ఎంత మంచిదైనను, చెంపక్రింద దాగి వాకిలి దాటగానే ఉమిసివేయబడును.

భగవద్గీత మూడవ అధ్యాయమున లోకసంగ్రహమను మాట కలదు. తనకు పొందవలసినది ఏమియు లేనివాడును లోకము నిలుచుటకై కర్మ చేయవలెనని దాని భావము. తనకు ఏ ఫలమునీయని మాత్రను ఇతరుల కొరకు మ్రింగువాడు ఈ మాటకు ఎంత చక్కని యుదాహరణము! కాని యిచ్చట ఒక జాగ్రత్త యవసరము. లోకసంగ్రహము ఎవడు తనకు తాను విధించుకొనునో వానికి అది యోగము; నీడపట్టున కూర్చుండి ఇతరులకు విధించువానికి అది సులభమైన ఉపన్యాసము. దోమలు చొరని కిటికీవలల గదిలో నిద్రించువాడు, గోడలేని పాకలో నిద్రించువానితో త్యాగమును గూర్చి ప్రసంగించుట వినసొంపుగ నుండదు. పెద్దనగరములు మలేరియాను తగ్గించుకొనినది పౌరుల త్యాగముచేత కాదు; మురుగుకాలువలు కట్టుకొని, గట్టియిండ్లు కట్టుకొని, దగ్గర ఆసుపత్రులు కట్టుకొని. అవి లేనిచోటనే మనుష్యుని రక్తమును శుభ్రపరచవలసి వచ్చుచున్నది. కావున అడుగువాడు అప్పులవాడై అడుగుచున్నాడు. ఆ సంగతి అతనికి జ్ఞాపకమున్నచో అతని కంఠస్వరము మారును.

నిపుణులు తమ జ్ఞానము చాలునని నమ్మినకాలము మన దేశమున నొకటి గడచినది. 1947లో దేశమందు సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా సోకెననియు, 8 లక్షల మంది మరణించిరనియు అంచనా. 1953లో నియంత్రణప్రణాళిక, 1958లో నిర్మూలనప్రణాళిక వచ్చినవి. డీడీటీ చల్లినవారు గ్రామగ్రామమునకు పోయిరి. 1965 నాటికి వ్యాధిగ్రస్తుల సంఖ్య సుమారు ఒక లక్షకు తగ్గెను. అది నిజముగ మహత్కార్యమే. దానిని చులుకన చేయుట కృతఘ్నత. అయితే 1976 నాటికి ఆ సంఖ్య మరల 64 లక్షలు దాటెను. దోమలు డీడీటీకి లొంగకపోవుట, మందులకొరత, డబ్బుకొరత, అలసత్వము మొదలైన కారణములు కలవు. ఒక కారణము మాత్రము అంకెలలో కనబడదు. ఆ ఉద్యమమున మందు గోడలకు చల్లబడినది. గోడలలోపలి మనుష్యునికి అది ఎవరిదో, ఏలనో తెలియలేదు. చల్లినవారు పోయిన మరునాడే గోడలను మట్టితో అలికిన యిండ్లు ఎన్నో! అలుకుట వారికి శుభ్రత. ఆ శుభ్రతతోనే మందు మరుగున పడినది. ఒక్క పూట కూర్చుండి మాటలాడియుండిన ఆ నష్టములో కొంతయైనను తప్పియుండెడిది.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కదానికి నాలుగేసి గుణములు. రోగికుండవలసిన గుణములలో జ్ఞాపకత్వము ఒకటి. అనగా తన బాధను వైద్యునికి తెలియజెప్పగలుగుట. ప్రాచీనవైద్యమున రోగి మాటలాడువాడు, వైద్యుడు ముందుగా వినువాడు. జ్వరము లేని రోగి విషయమున ఈ పద్ధతి తలక్రిందులగుచున్నది. అతనికి చెప్పుటకు బాధ లేదు. అతని దేహమున ఏమి జరుగుచున్నదో అతనికంటె ఎదుటివానికే ఎక్కువ తెలియును. కావున తెలియజెప్పు ధర్మము రోగినుండి వైద్యునికి సంక్రమించినది. నేటి నిపుణుని జ్ఞానము పెరిగినకొలది అతని మాటలబాధ్యతయు పెరుగవలెను గాని తరుగరాదు. ఆశ్చర్యమేమనగా, జరుగుచున్నది తరచుగా దీనికి విరుద్ధము. పరీక్షాయంత్రము మాటలాడుచున్నదను ధైర్యముతో వైద్యుడు మౌనము వహించుచున్నాడు.

అడవిలోనివారికి ఇట్టి సూక్ష్మవిషయములు బోధపడవను మాట నగరములలో తరచుగ వినబడును. బోధపడునో లేదో తెలిసికొనుటకు వారి పండుగలను చూచిన చాలును. బస్తరు ప్రాంతపు ఆదివాసులు పండుం అని పిలుచు పండుగలు పంటక్రమమును అనుసరించి వచ్చును. మామిడిపండుం జరుగకమునుపు కొత్తమామిడికాయను తినరు. కొత్తధాన్యమును కూడ అట్లే. చెట్టు తన పెరటిదే, కాయ తన చేతికందునదే, ఆకలియు తనదే. అయినను ఊరంతటి పేర కొలుపు జరిగి, అందరు కలిసి ముట్టునంతవరకు ఒక్కడు ముట్టడు. తన నోటిని ఊరి కొరకు కట్టుకొనుట వీరికి పుట్టుకతో వచ్చిన విద్య. ఊరి కొరకు నోరు తెరచి ఒక చేదుబిళ్ళను మ్రింగుట దానికంటె కఠినమైన భావమా? ఈ విషయమున నేర్పవలసినవాడెవడు, నేర్చుకొనవలసినవాడెవడు అని విచారించినచో నగరవాసికి కొంత సంకోచము కలుగక మానదు.

బస్తరులో 2020 ఉద్యమము జరిగిన విధములో ఒక చిన్నపని ప్రత్యేకముగ చెప్పదగినది. మందును చేతిలో పెట్టి పోవుటకు మారుగా, ముందు ఏదైన తినిపించి, తమ యెదుటనే మొదటి మోతాదును వేయించిరి. ఖాళీకడుపున ఈ మందులు త్రిప్పును. నమ్మకము లేకనే ఎదుట మ్రింగించిరని ఒకరనవచ్చును. అట్లును కావచ్చును. కాని తినిపించుట కొరకు కొంతసేపు కూర్చుండవలెను. కూర్చుండినచో మాట వచ్చును. ఆ కూర్చుండిన సమయమే చికిత్సలో సగమని చెప్పిన అతిశయోక్తి కాదు. నిజము చెప్పుటకు తీరిక లేదను వాదమునకు అక్కడనే సమాధానము దొరకుచున్నది.

కావున మితానిన్ రెండవ సమాధానమునే చెప్పునని అనుకొందము. దానిని ఆమె తనకు తెలిసిన మాటలలో చెప్పును. "ఈ మూడు దినాల మందు నీకే చిన్నాయనా, రక్తం పడుతుంది. రేపు ఇచ్చే ఆ ఒక్క బిళ్ళ నీకు కాదు. నిన్ను కుట్టిన దోమ మీ పక్కింటి చంటిదాన్ని కుడుతుంది. దానికోసం. నీకు కొంచెం కడుపులో తిప్పొచ్చు. ఒంటేలు నల్లగా పోతే వెంటనే నాకు చెప్పు, మళ్లీ వేసుకోకు." ఇందులో గామిటోసైట్ అను మాట లేదు; అయినను శాస్త్రమునుండి విడిచినది ఏమియు లేదు. ప్రమాదముకూడ దాచబడలేదు. ప్రమాదము వచ్చినచో ఎవరి వాకిటికి పోవలెనో తెలిసినది. అడుగువారు రేపును ఆ ఊరిలోనే యుందురని హామీ దొరకినది. ఈ చివరిది లేనిచో మొదటివన్నియు కలిసియు చాలవు.

అతడు వలదనినచో? ఈ ప్రశ్నను దాటివేయరాదు. నిజము చెప్పినవారు 'వలదు' అను మాటను వినుటకు సిద్ధపడవలెను. లేనిచో అడుగుట ఒక వేషము. కొందరు వలదందురు. ఆ పల్లెలో కొన్ని గామిటోసైట్లు మిగులును. బహుశా ఒక బిడ్డకు జ్వరము వచ్చును. నిర్బంధమును కోరువారు చూపు లెక్క ఇదియే, అది తేలికయైన లెక్క కాదు. ఒక బిడ్డ ప్రాణము ఏ సిద్ధాంతముకంటెను తక్కువది కాదు. అయితే వారి లెక్కలో చేరని అంకె ఒకటి కలదు. మలేరియా ఒక విడతతో పోవు వ్యాధి కాదు. వచ్చే వానకాలమునకు మరల రావలెను, ఆ తరువాత మరల రావలెను. ఈ సంవత్సరము నమ్మించి మ్రింగించినవాడు వచ్చే సంవత్సరము తలుపు తెరవడు. ఈ సంవత్సరము వలదని చెప్పి, తన మాట మన్నింపబడుట చూచినవాడు, ప్రక్కింటివాడు మ్రింగి బాగుగనుండుట చూచినవాడు, వచ్చే సంవత్సరము వ్రేలు చాపును. ఇది అందరియెడ జరుగునని చెప్పజాలము. మిరపకోతలకు దిగివచ్చు కుటుంబములు మూటలు కట్టుకొను దినము దగ్గరపడుచున్నప్పుడు, వచ్చే సంవత్సరము వరకు వేచియుండుడని చెప్పుటయు సులభము కాదు. అక్కడ ఆ మితానిన్ మరియొకసారి ఆ యింటికి పోవుటయే మిగిలిన ఉపాయము. మరునాడు మరల పోవును.

చింతచెట్టు క్రిందనున్న ఆ గృహస్థుడు వెంటనే ఔననడు, కాదనడు. మొదట దోమతెర సంగతి యడుగును. పోయినయేడు ఇచ్చినది చినిగి చేపలు పట్టుటకు పోయినదని ఒప్పుకొనును. తరువాత ప్రక్కింటివైపు చూచును. అక్కడ బిడ్డ ఏడ్పు వినబడుచుండును. చివరకు, "మరి నీవు చూపించుకున్నావా?" అని ఆమెను అడుగును. ఆమె తన ఎడమచేతి ఉంగరపు వ్రేలిని, దానిపై ఇంకను మానని సూదిగుర్తును అతని యెదుట పెట్టును.